ఎలెన్ టెర్రీ గౌను మీదవి నిజం రెక్కలేనా?

ప్రశ్న: 1888లో లండన్ లైసియం థియేటర్లో షేక్‌స్పియర్ నాటకంలో లేడీ మక్బెత్‌గా నటి ఎలెన్ టెర్రీ వేసుకున్న ఆకుపచ్చ గౌను ఫొటో చూశాను, అంత మెరుపు ఎలా వచ్చిందండీ, దాని మీదవి నిజం రెక్కలేనా?

జవాబు: నిజంవేనండి, జీరంగి పురుగుల రెక్కలు, దాదాపు వెయ్యి. పచ్చటి ఉన్నిలో నీలి తళుకు పోగు కలిపి క్రోషేతో అల్లారు కాబట్టి దూరానికి ఇనుప గొలుసుల కవచంలా అనిపిస్తుంది, దాని మీద ఒక్కో రెక్క కుట్టారు, పైగా అక్కడ గ్యాస్ దీపాలు, కాస్త కదిలితే చాలు గౌనంతా మెరిసేది. డిజైన్ ఆలిస్ కామిన్స్ కార్‌ది.

జవాబు: చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ 1889లో వేసిన ఆవిడ బొమ్మ కూడా చూడండి, ఆ గౌనులోనే కిరీటం ఎత్తి పట్టుకుని ఉంటుంది.

జవాబు: అసలు గౌను ఇంగ్లండ్‌లోని కెంట్‌లో, టెర్రీ ఇల్లు స్మాల్‌హైత్‌లోనే ఉంది. బాగుచేయడానికి 1,300 గంటలు పట్టిందట, విరిగిన రెక్కల్ని కూడా పారేయకుండా అతికించారు!