నాన్నకు బైపాస్: నిమ్స్‌లోనా, ప్రైవేటులో ఆరోగ్యశ్రీ కిందనా?

అందరికీ నమస్కారం. మాది జగిత్యాల దగ్గర పల్లెటూరు. నాన్నకు 61 ఏళ్లు, షుగర్ ఉంది. యాంజియోగ్రామ్‌లో మూడు బ్లాకులు తేలాయి. స్టెంట్లు కుదరవు, బైపాస్ చేయాల్సిందే అన్నారు. తెల్ల రేషన్ కార్డు ఉంది కాబట్టి ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. 2023 డిసెంబర్‌లో పరిమితి పది లక్షలకు పెంచారు కదా, ఆపరేషన్‌కు డబ్బు అడ్డం కాదనే ధైర్యంతో ఉన్నాం.

కానీ కరీంనగర్‌లో మేం చూపించిన ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర (ఆరోగ్యశ్రీ తరఫున అక్కడ పేషెంట్లకు సాయం చేసే అతను) అంతా ఉచితమే అన్నాడు. బిల్లింగ్ కౌంటర్‌లో మాత్రం "కొన్ని మందులు, సామాను ప్యాకేజీలో రావు, ముందు కొంత కట్టండి" అన్నారు. ఎంతో కాగితం మీద రాసివ్వమంటే రాయలేదు. పథకం కింద చేరినవాళ్ల దగ్గర పైసలు తీసుకోకూడదనే నాకు తెలిసింది. ఒకసారి అడ్మిట్ అయ్యాక పేషెంటును పెట్టుకుని వాళ్లతో గొడవ పడలేం.

బంధువులేమో పంజాగుట్ట నిమ్స్‌కు తీసుకెళ్లమంటున్నారు. అక్కడి డాక్టర్ల మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. నా భయమల్లా బెడ్ కోసం ఆగాల్సి వస్తుందేమోనని. నాన్నకు నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది, మెట్లెక్కడం మానేశాడు.

ఈ మధ్య నిమ్స్‌లో ఆరోగ్యశ్రీ కింద బైపాస్ చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: ఓపీ చూపించాక ఆపరేషన్‌కు ఎన్నాళ్లు పట్టింది? రక్తదాతలను మనమే తెచ్చుకోవాలా? అమ్మ తోడుంటుంది, ఆమెకు రాత్రిళ్లు పడుకోవడానికి చోటు దొరుకుతుందా? ప్రైవేటులో చేయించుకున్నవాళ్లు చేతి నుంచి నిజంగా ఎంత పెట్టారో కూడా చెప్పండి, దయచేసి.