అప్‌డేట్: అమ్మానాన్నలతో నెవాడాలో ఆర్వీ ప్రయాణం

అమెరికాలోని నెవాడాలో 50వ నంబరు రహదారి మీద పెద్దవాళ్లను ఆర్వీలో (పడకలు, వంటగది, మరుగుదొడ్డి ఉన్న ఇల్లులాంటి బండి) తీసుకెళ్లవచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. వెళ్లివచ్చాం. పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను.

దారిలో బంకులు అరుదు, పెట్రోలు ముందే నింపుకోమని మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఫాలన్ నుంచి ఆస్టిన్‌కు సుమారు 177 కిలోమీటర్లు. మధ్యలో చెప్పుకోదగ్గ ఊరే లేదు. కొండ దిగితే మైదానం, అది దాటితే మళ్లీ కొండ. మహేంద్రగిరి పచ్చదనం చూసి పెరిగిన నాన్న, "ఇక్కడ మేకలైనా బతుకుతాయా?" అని బావను ఒకటే అడగడం. అమ్మ మాత్రం సేజ్ పొద ఆకు నలిపి వాసన చూసి, "వినాయక చవితి మాచిపత్రిలా ఉందే" అంది. ఆశ్చర్యమేమిటంటే రెండూ ఆర్టెమిసియా ప్రజాతివే!

ఆర్వీ అద్దెకు తీసుకునే ముందే దాని పొడవు అడగండి. గ్రేట్ బేసిన్ జాతీయ పార్కులో వీలర్ శిఖరం వైపు వెళ్లే రోడ్డులో, అప్పర్ లేమన్ క్రీక్ క్యాంపు స్థలం దాటాక 24 అడుగులు మించిన బండిని పోనివ్వరు. మాది చిన్నది కాబట్టి దాదాపు 3,000 మీటర్ల ఎత్తుకు ఎక్కగలిగాం. అంత ఎత్తులో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి, కుక్కరు లేకపోతే కందిపప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది.

మురుగు ట్యాంకు ఖాళీ చేసే పని బావది. పాపం, ముక్కుకు నాన్న కండువా చుట్టుకుని కానిచ్చాడు.