చర్చ: అమ్మానాన్నలతో 10 రోజుల్లో 5 బేస్‌బాల్ పార్కులు. కుదిరే పనేనా?

గుంటూరు_మిర్చి:
అందరికీ నమస్తే. జులైలో అమ్మానాన్న వస్తున్నారు. నాన్నకి క్రికెట్ పిచ్చి. పోయినసారి వచ్చినప్పుడు ఆరు నెలలు టీవీలో బేస్‌బాల్ చూసి చూసి ఇప్పుడు గుంటూరు నుంచి ఫోన్ చేసి నాకే స్కోరు చెప్తున్నారు. మా ఆయనకి ఆసక్తి లేదు, రాడు. బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా, బాల్టిమోర్, వాషింగ్టన్ అన్నీ ఒకే రైలు దారిలో ఉన్నాయి కదా అని ప్లాన్. టికెట్లు ఇప్పుడే కొనాలా? ఎండ తగలని వైపు ఏది? అమ్మ బయట తిండి ముట్టదు, పులిహోర పట్టుకెళ్తే రానిస్తారా? బోస్టన్ పార్కు ఫెన్‌వేలో మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూర్చోగలరా? వాన పడితే ఏంటి? నేను ఇంతవరకు చూసింది 3 పార్కులే.

డల్లాస్_బావ:
నేను 23 చూశాను. ముందు వాన గురించి ఆలోచించండి, మిగతావన్నీ తర్వాత. రెండేళ్ళ కింద ఒక ఊరికి కేవలం ఆట కోసం శనివారం ఫ్లైట్‌లో వెళ్ళా. ఏడింటికి మొదలవ్వాలి. మైదానం మీద టార్పాలిన్ కప్పారు. తొమ్మిదిన్నర దాకా కూర్చోబెట్టి వాయిదా అన్నారు. అదే టికెట్ వాయిదా ఆటకి చెల్లుతుందట. ఎప్పుడయ్యా అంటే సెప్టెంబరులో, సోమవారం! ఆ ఊరివాడికైతే పర్లేదు. నాకు ఫ్లైటు, హోటలు, కారు అన్నీ నీళ్ళపాలు. ఒక సిరీస్‌లో మామూలుగా 3 ఆటలుంటాయి కాబట్టి ఊరికి ఒక రోజు అదనంగా ఉంచుకోండి. మొదటి రోజు టికెట్టే కొనండి, ఆఖరి రోజుది కాదు. ఏదైతేనేం, ఆ పార్కు నా 23లో ఉంది.

అట్లాంటా_అబ్బులు:
ఆగండాగండి. ఒక్క బంతి కూడా వెయ్యలేదు, లెక్కలో ఎలా వేసుకున్నారు?

డల్లాస్_బావ:
గేటు దాటా, సీట్లో కూర్చున్నా, తడిశా, నాచోలు తిన్నా. ఇంకేం కావాలి?

అట్లాంటా_అబ్బులు:
తిరుమల వెళ్ళి, కంపార్టుమెంటులో రాత్రంతా కూర్చుని, ఉప్మా తిని, దర్శనం కాకుండా కొండ దిగొచ్చి "స్వామిని చూశాం" అంటారా?

డల్లాస్_బావ:
దేవుణ్ణి మధ్యలోకి ఎందుకు లాగుతావ్. నువ్వు పోయిన చర్చలో టర్నర్ ఫీల్డ్ చూశానని అట్లాంటాని లెక్కలో వేసుకున్నావు. మీ అట్లాంటా జట్టు బ్రేవ్స్ అక్కడ ఆడింది 2016 వరకు. 2017 నుంచి కాబ్ కౌంటీలో ట్రూయిస్ట్ పార్క్. అట్లాంటాలో ఉండి అదీ చూడలేదు!

అట్లాంటా_అబ్బులు:
టర్నర్‌లో 40 ఆటలు చూశాను, మొత్తం తొమ్మిది ఇన్నింగ్సులూ. మీరు మీ డల్లాస్ పక్క ఆర్లింగ్టన్‌లో 1994 నాటి పాతదీ, 2020లో పక్కన కట్టిన కొత్తదీ రెండూ వేసుకున్నారని మీరే రాశారు. ఉన్న 30 జట్లకి మీరు 35 పార్కులు చూస్తారేమో. ఇంకోటి, పేరులో బావ ఉన్నంత మాత్రాన మేమెవరం మరదళ్ళం కాదు, ఆ "నువ్వు" తగ్గించండి.

బే_ఏరియా_బంటి:
మా సంగతి చెప్పండి. ఓక్లండ్ కొలీజియంలో 6 సార్లు చూశా. అక్కడ ఆడే అథ్లెటిక్స్ జట్టు 2024 ఆఖరుకి ఊరొదిలేసింది. 2025 నుంచి శాక్రమెంటోలో చిన్న లీగు మైదానంలో ఆడుతోంది, వేగస్‌లో కొత్తది కడుతున్నారు. అంటే ఒకే జట్టు కోసం మూడు ఊళ్ళు తిరగాలా? టాంపా బే వాళ్ళదైతే మరీ ఘోరం. 2024 అక్టోబరులో తుపానుకి స్టేడియం పైకప్పు చిరిగిపోయి, 2025 అంతా వేరే జట్టు ప్రాక్టీసు మైదానంలో ఆడారు. అక్కడ చూసినవాడి లెక్కేంటి?
అన్నట్టు 2025లో కొలీజియంలో క్రికెట్ కూడా పెట్టారు. న్యూజిలాండ్ బ్యాటర్ ఫిన్ అలెన్ ఒక్క ఆటలోనే 19 సిక్సులు కొట్టాడు. అదీ కలుపుకోవచ్చా బావగారూ?

డల్లాస్_బావ:
క్రికెట్ అంటే గుర్తొచ్చింది. మిర్చి గారూ, నాన్నగారిని ఇటు తీసుకురండి. గ్రాండ్ ప్రెయిరీ స్టేడియం ఒకప్పుడు బేస్‌బాల్ పార్కే. 2024 ప్రపంచకప్‌లో అమెరికా పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్‌లో ఓడించింది అక్కడే. నేనున్నా.

స్కోరుకార్డు_శాస్త్రి:
1998 నుంచి చూస్తున్నవాణ్ణి, ప్రతి ఆటకీ చేత్తో స్కోరు రాసేవాణ్ణి. ఎండ గురించి అడిగారు, ఎవరూ పట్టించుకోలేదు. బ్యాటరు కళ్ళలో సాయంత్రం ఎండ పడకూడదని హోమ్ ప్లేట్ (బ్యాటరు నిలబడే చోటు) నుంచి పిచర్ (బంతి వేసేవాడు) మీదుగా గీసిన గీత తూర్పు ఈశాన్యానికి ఉండాలని రూలు పుస్తకమే సూచిస్తుంది. ఎడమచేతి పిచర్ చెయ్యి దక్షిణం వైపు ఉంటుంది కనుకే ఎడమచేతివాళ్ళని సౌత్‌పా, అంటే దక్షిణపు చెయ్యి, అన్నారని ఒక వాదన. కాబట్టి మూడో బేసు వైపు, అంటే బ్యాటరు పిచర్‌ని చూస్తుంటే ఎడమ పక్క, కొనండి, ముందు నీడ పడేది అక్కడే. అన్ని పార్కులకీ ఇదే సూత్రం.

పిట్స్‌బర్గ్_పిన్ని:
అన్ని పార్కులకీ కాదు శాస్త్రిగారూ. మా పీఎన్‌సీ పార్క్ నదీ, ఊరి భవనాలూ కనపడేలా ఆగ్నేయానికి తిప్పి కట్టారు. డెట్రాయిట్‌దీ అంతే.

స్కోరుకార్డు_శాస్త్రి:
ఒకటీ అరా మినహాయింపులు ఉంటాయమ్మా. పాఠం చెప్పేటప్పుడు సూత్రమే చెప్తాం.

పిట్స్‌బర్గ్_పిన్ని:
పాఠం ఎవరడిగారు, ఆ పిల్ల నీడ అడిగింది. అమ్మాయ్, ఒంటిగంట ఆటకైతే ఏ వైపైనా మాడిపోతావు. పై అంతస్తు కిందకి వచ్చే వెనక వరసలు తీసుకో, అక్కడ చినుకులు కూడా పడవు. పాత పార్కుల్లో మాత్రం వెనక వరసలకి స్తంభాలు అడ్డొస్తాయి, టికెట్ మీద ఆ మాట ఉందేమో చూసుకో. మేము ఒక చోట చూసుకోక కొన్నాం. మూడు గంటలు పిచర్ ఒక్కడే కనిపించాడు, బ్యాటరు లేడు.
పులిహోర విషయం. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుళ్ళో దర్శనం చేసుకుని, అక్కడి పులిహోర జిప్ కవర్లో పెట్టుకుని ఆటకి వెళ్ళాం. సెక్యూరిటీ అబ్బాయి పైకెత్తి చూసి "రైసా?" అని వదిలేశాడు. చాలా పార్కుల్లో ఒక మనిషికి సరిపడా తిండి పారదర్శకమైన కవర్లో ఉంటే రానిస్తారు. స్టీలు డబ్బా, గాజు సీసా వద్దు. బ్యాగు కొలతల రూలు పార్కుకొకటి, ముందురోజు వాళ్ళ సైటులో చూసుకో.

అట్లాంటా_అబ్బులు:
పక్కసీటు వాళ్ళ గురించి కూడా ఆలోచించాలి కదా. ఇంగువ వాసన నాలుగు వరసలు పోతుంది.

పిట్స్‌బర్గ్_పిన్ని:
వాళ్ళ ఉల్లిపాయ సాసేజీ వాసన మనం భరించట్లేదా? సిగ్గుపడాల్సినంత పనేం చేశాం బాబూ.

కాన్సస్_కోడలు:
పులిహోర గొడవ ఆపితే ఒక జాగ్రత్త చెప్తా. మా మామగారు ఊళ్ళో వికెట్ కీపర్. ఒక ఫౌల్ బంతి (గీత బయటికి కొట్టింది) ఎగిరొస్తే ఒంటిచేత్తో పట్టారు, చుట్టూ అందరూ లేచి చప్పట్లు. ఆయన చక్కగా గురిచూసి మైదానంలోకి విసిరేశారు, "పాపం ఆట ఆగిపోతుంది" అని! వెనక సీటు పిల్లవాడు ఏడ్చినంత పని చేశాడు. బంతి మనకే ఇచ్చేస్తారని నాన్నగారికి ముందే చెప్పండి.

చికాగో_చిన్నోడు:
మా చికాగో పార్కు రిగ్లీలో అయితే మామగారికి సన్మానం చేసేవాళ్ళు 😀 అవతలి జట్టు హోమ్‌రన్ (మన సిక్సులాంటిది) బంతిని తిరిగి విసిరెయ్యకపోతే జనం ఊరుకోరు. అక్కడ గోడంతా తీగలు, 1937లో నాటారు. బంతి వాటిల్లో ఇరుక్కుంటే ఫీల్డరు చేతులెత్తేస్తాడు, రెండు బేసులు. అచ్చం మా వీధి క్రికెట్లో పొదల్లో పడితే రెండు పరుగులు అన్నట్టే.

టోక్యో_తమ్ముడు:
అమెరికాలోనే ఉందా బేస్‌బాల్? 1926 నాటి జింగు స్టేడియానికి రండి. సొంత జట్టుకి పరుగు వస్తే జనమంతా చిన్న గొడుగులు తెరిచి ఊపుతారు. అమెరికా బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ 1934లో ఆడిన మైదానం.

గుంటూరు_మిర్చి:
అందరికీ థాంక్స్, కానీ ఫెన్‌వే మోకాళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. టికెట్లదీ.

బోస్టన్_బుజ్జి:
1912 పార్కండీ, మనుషులు సన్నగా ఉన్న కాలం. గ్రాండ్‌స్టాండ్‌లో నీలం చెక్క కుర్చీలు 1930ల నాటివి, మోకాళ్ళు ముందు కుర్చీకి తగులుతాయి. అమ్మగారికి నడవా పక్క సీటు తప్పనిసరి. ఎడమవైపు 37 అడుగుల పచ్చగోడ దగ్గరగా చూడాలంటే పగలు టూర్ ఉంటుంది, గంటలో అయిపోతుంది, కూర్చునే బాధ లేదు. 2023లో పిచ్ క్లాక్ (పిచర్ ఇంతలో బంతి వెయ్యాలనే గడియారం) పెట్టాక ఆట కూడా సగటున 2 గంటల 40 నిమిషాలే. టికెట్లు మామూలు రోజైతే ఆటకి గంట ముందు ఫోన్లోనే ధర తగ్గుతుంది. న్యూయార్క్ జట్టు యాంకీస్ వచ్చిన వారం మాత్రం అలా ఎదురుచూడకండి.

గుంటూరు_మిర్చి:
నాన్న చర్చ మొత్తం చదివారు. దర్శనం కాకపోతే లెక్కలోకి రాదని ఆయన తీర్పు, బావగారు ఏమీ అనుకోకండి. అమ్మ మాత్రం పార్కులు సరే, ఆ పిట్స్‌బర్గ్ గుడి ఎంత దూరం అంటోంది. పిన్నిగారూ, ఫిలడెల్ఫియా నుంచి కారులో ఎంతసేపు?

పిట్స్‌బర్గ్_పిన్ని:
అయిదు గంటల పైనే పడుతుంది. ఆదివారం చూసుకుని వస్తే పొద్దున గుడి, మధ్యాహ్నం ఆట. ముందు జట్టు ఊళ్ళో ఉందో లేదో చూసుకుని మెసేజ్ పెట్టు.

డల్లాస్_బావ:
22. ఇప్పుడు సంతోషమా?