నాన్నగారి ఎఫ్‌డీలు, ఇంటి కాగితాలు సర్దాలి: ఏ వరసలో?

అడిగినవారు: పటమట

నాన్నగారికి 74, అమ్మకి 69. ఇల్లు నాన్నగారి పేరు మీదే ఉంది. నాలుగు బ్యాంకుల్లో ఎఫ్‌డీలు, పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ ఖాతా ఉన్నాయి. ఏది ఎక్కడుందో ఆయనొక్కరికే తెలుసు. అన్నిటికీ అమ్మే నామినీ కాబట్టి వీలునామా అక్కర్లేదంటున్నారు. ఇద్దరికీ తిరిగే ఓపిక ఉన్నప్పుడే సర్దేయాలని నా ఆలోచన. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు: బ్యాంకింగ్ తెలిసినవారు

ముందు ఆ నామినీ మాట సరిచేసుకోండి. నామినీ బ్యాంకు నుంచి డబ్బు తీసుకోగలరు, అంతే. ఆ డబ్బు ఎవరిదన్నది వీలునామా తేలుస్తుంది, అది లేకపోతే వారసత్వ చట్టం. కాబట్టి వీలునామా కావాలి.

ఇక ఖాతాలు. నాన్నగారి సేవింగ్స్ ఖాతాలో అమ్మగారిని చేర్చి 'ఎయిదర్ ఆర్ సర్వైవర్' పెట్టించండి, అంటే ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయొచ్చు, ఒకరు పోతే రెండోవారు నడపొచ్చు. 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' అయితే మొదటి పేరున్నవారు బతికుండగా రెండోవారు డబ్బు తీయలేరు, ఆసుపత్రి ఖర్చు వచ్చినప్పుడు అక్కడే ఇరుక్కుంటారు. జాయింట్ ఎఫ్‌డీల్లో చాలామంది వదిలేసే సంగతి ఇంకొకటుంది. ఒకరు పోయాక రెండోవారు గడువుకు ముందే తీసుకోవచ్చని ఇద్దరూ సంతకాలు చేసిన మాండేట్ (రాతపూర్వక అనుమతి) బ్యాంకులో ఉండాలి. లేకపోతే వారసులందరి సంతకాలూ అడుగుతారు.

2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్‌కు నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు. అమ్మగారి తర్వాత పిల్లల పేర్లూ రాయించండి.

నాలుగు బ్యాంకుల్ని రెండుకు తగ్గించండి, ఒకటికి మాత్రం వద్దు. బ్యాంకు మునిగితే, ఒక బ్యాంకులో ఒక మనిషికి డిపాజిట్ బీమా రక్షణ అసలూ వడ్డీ కలిపి 5 లక్షలే. ఎఫ్‌డీల గడువు తేదీలు ఒక కాగితం మీద రాసిపెట్టండి. రెన్యూవల్ కాకుండా పడి ఉంటే సేవింగ్స్ రేటు, పాత ఎఫ్‌డీ రేటు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు.

పోస్టాఫీసు ఖాతాకు అయిదేళ్ల గడువు. అది నిండిన ఏడాదిలోగా పొడిగింపు దరఖాస్తు ఇవ్వాలి.

జవాబు: దస్తావేజుల పని తెలిసినవారు

మన దగ్గర అసలు చిక్కు పేర్లతోనే. దస్తావేజులో ఇంటిపేరు పూర్తిగా, పాస్‌బుక్కులో ఇనీషియల్, ఆధార్‌లో ఇంకోలా. మనిషి ఉన్నప్పుడైతే ఒక దరఖాస్తుతో సరిపోయేది, పోయాక అఫిడవిట్లు, సాక్షులు అంటారు. ఆధార్, పాన్, పాస్‌బుక్కు, దస్తావేజు నాలుగూ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చండి.

ఇంటికి ఒరిజినల్ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందు చేతులు మారినప్పటి దస్తావేజులు), ప్లాన్ అప్రూవల్, పన్ను రశీదు, కరెంటు సర్వీసు నంబరు ఒకచోట ఉండాలి. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, అప్పులు చూపే పత్రం) 1983 నుంచి ఆన్‌లైన్లో దొరుకుతుంది. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో వెతికించాలి.

ఒరిజినళ్లకు లామినేషన్ చేయించకండి, స్టాంపు కాగితాన్ని పరీక్షించడానికి వీలుండదు. జిరాక్సుల్ని మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెడితే మన ఎండలకు సిరా కవరుకు అంటుకుపోతుంది. నూలు గుడ్డో దళసరి కాగితం కవరో మేలు. బీరువా కింది అర మాత్రం వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయో చూశాం కదా.

పటమట

చాలా సాయం చేశారు. వీలునామా ఎందుకు, ఇల్లు ఇప్పుడే గిఫ్ట్ డీడ్‌గా నా పేర రాసేస్తానంటున్నారు నాన్నగారు. మంచిదేనా?

జవాబు: దస్తావేజుల పని తెలిసినవారు

వద్దండీ. గిఫ్ట్ రిజిస్టరైతే ఇల్లు ఆ రోజే మీదవుతుంది, అమ్మగారు ఆ ఇంట్లో ఉండటం మీ దయ మీద ఆధారపడుతుంది. మీరు మంచివారే, కానీ మీకేదైనా అయితే? తప్పనిసరై రాయాల్సి వస్తే, ఇద్దరినీ చూసుకోవాలన్న షరతు, జీవితాంతం అక్కడే ఉండే హక్కు దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. 2007 సీనియర్ సిటిజన్ల చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌లో గిఫ్టు రద్దు అడగాలంటే ఆ షరతే ఆధారం.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు, ఆయన కన్నా చిన్న వయసువాళ్లు, అందులో వాటా లేనివాళ్లు, ఆయన సంతకం చేస్తుండగా చూసి సంతకాలు పెట్టాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించండి. పవరాఫ్ అటార్నీ (తన తరఫున పనులు చేసే అధికారం ఇచ్చే పత్రం) ఉందిగా అని ఊరుకోకండి, రాసినవారు పోతే అదీ పోతుంది.