ఫుట్‌బాల్‌కి అమెరికాలో అభిమానులున్నారా, ప్రేక్షకులేనా?

షెఫీల్డ్_శీను

నిన్న వేరే చర్చలో డల్లాస్_దొర గారు ఒక మాట అన్నారు: "ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ అంటే తాగి కొట్టుకోవడం. మేం పిల్లల్ని తీసుకెళ్లి, నాచోస్ తిని, హాయిగా చూసి వస్తాం." అక్కడ జవాబు రాస్తే టాపిక్ పక్కదారి పడుతుందని ఇక్కడ విడిగా మొదలుపెడుతున్నా.

మాది తెనాలి. షెఫీల్డ్‌లో 14 ఏళ్లుగా ఉంటున్నా. షెఫీల్డ్ వెన్స్‌డే సీజన్ టికెట్ ఉంది, హిల్స్‌బరో గ్రౌండ్, కాప్ స్టాండ్. మా జట్టు 2000లో ప్రీమియర్ లీగ్ (ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పై లీగ్) నుంచి ఓడి కింది లీగ్‌కి దిగింది, మళ్లీ ఎక్కనే లేదు. అంటే నేను చూసిన 14 ఏళ్లూ ఏడుపే. 2025 అక్టోబర్‌లో క్లబ్ ఆర్థికంగా కుప్పకూలి అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే బయటి నిర్వాహకుల చేతికి, వెళ్లింది. శిక్షగా 12 పాయింట్లు కోశారు. అంతకుముందు యజమాని మీద కోపంతో మ్యాచ్‌కే రాకుండా మానేసిన జనం, ఆయన చేతిలోంచి క్లబ్ పోయిందని తెలిసిన రోజే క్లబ్ షాపు ముందు క్యూ కట్టారు. పెళ్లిలో చదివింపుల వరసలా ఉంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ బతిమాలలేదు.

నా ప్రశ్న ఇది. మీ అమెరికాలోలా ఎంత ఓడినా కింది లీగ్‌కి దిగని, యజమానికి గిట్టుబాటు కాకపోతే ఊరే మారిపోయే ఫ్రాంచైజీకి అభిమాని ఎలా ఉంటాడు? సినిమాకి వచ్చినట్టు వచ్చి పోతాడు, అంతే.

కూకట్‌పల్లి_కుర్రాడు

రాత్రి ఒంటిగంటన్నరకి అలారం పెట్టుకుని ఛాంపియన్స్ లీగ్ చూసి, పొద్దున ఆఫీసులో కునికిపాట్లు పడే మేం ఎవరం అన్నా? మాకేమైనా కోటా ఉందా?

డల్లాస్_దొర

శీను గారూ, తాగి కొట్టుకోవడం నేను కల్పించింది కాదండీ. 1985 మే 29, బ్రస్సెల్స్‌లో హేసెల్ స్టేడియం. లివర్‌పూల్ గుంపు మీదపడటంతో జనం పరుగెత్తి, గోడ కూలి 39 మంది పోయారు, ఎక్కువమంది ఇటలీ వాళ్లు. ఇంగ్లిష్ క్లబ్బుల్ని 5 ఏళ్లు యూరప్ పోటీల్లోంచి వెలివేశారు. అదే ఏడాది మీ పార్లమెంటే చట్టం చేసింది, మైదానం కనిపించే చోట మందు తాగకూడదని. క్రికెట్‌కి ఆ నియమం లేదు, రగ్బీకి లేదు. ఒక్క ఫుట్‌బాల్‌కే ఎందుకో మీరే చెప్పాలి.

మా ఫ్రిస్కో (డల్లాస్ పక్క ఊరు) స్టేడియంలో బీరు సీటు దగ్గరికే తెచ్చుకుంటాం. నా కుడి పక్క హ్యూస్టన్ జెర్సీ, ఎడమ పక్క డల్లాస్ జెర్సీ. మధ్యలో పోలీసు లేడు. మీ దగ్గర రెండు జట్ల వాళ్లని విడివిడిగా తోలి, మధ్యలో సీట్ల మీద వల కప్పి, గుర్రాల మీద పోలీసుల్ని పెట్టి స్టేషన్ దాకా సాగనంపుతారు. ఇది సంస్కృతి అయితే సబ్‌జైలు కూడా సంస్కృతే.

ఇంకోటి. మేం 'సాకర్' అంటే మీ వాళ్లు పకపకా నవ్వుతారు. ఆ మాట పుట్టిందే ఇంగ్లండ్‌లో. 'అసోసియేషన్ ఫుట్‌బాల్'లోంచి ఒక ముక్క తుంచి ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్లు పుట్టించారు.

షెఫీల్డ్_శీను

సాకర్ అనే మాట నేను ఎత్తనే లేదు సార్. నవ్వనూ లేదు.

అవే ఎండ్ (బయటి ఊరి జట్టు అభిమానులకి విడిగా ఇచ్చే వైపు) సంగతి చెబుతా. మీకు అది లేకపోవడానికి కారణం మంచితనం కాదు, దూరం. డల్లాస్ నుంచి సియాటెల్‌కి విమానంలోనే నాలుగు గంటలు పడుతుంది. మాకు చాలా ఊళ్లు బస్సులో రెండు మూడు గంటలు. వానలో తడిసి, మూడు గోల్స్ తేడాతో ఓడి, ఆఖరి నిమిషంలో కూడా గొంతు చించుకునే ఆ కొన్ని వందల మంది మధ్య ఒక్కసారి నిలబడి చూడండి. అందుకే 2016 నుంచి ప్రీమియర్ లీగ్‌లో అవే టికెట్ ధర 30 పౌండ్లు దాటకుండా కట్టడి చేశారు. అభిమానులు గొడవ చేసి సాధించుకున్నారు.

సబ్‌జైలు అన్నారు కదా. స్టేడియం లోపలే కోర్టు పెట్టి, లాకప్ పెట్టి, మ్యాచ్ జరుగుతుండగానే జడ్జి జరిమానాలు వేసిన ఊరు ఫిలడెల్ఫియా. 1997లో, వెటరన్స్ స్టేడియం. దానికి కాస్త ముందే ఎవడో స్టాండ్స్‌లో ఫ్లేర్ గన్ పేల్చాడు. నాచోస్ తింటూనే పేల్చి ఉంటాడు.

డల్లాస్_దొర

అది అమెరికన్ ఫుట్‌బాల్, వేరే ఆట. టాపిక్ సాకర్.

మలక్‌పేట_మామ

మీరిద్దరూ లండన్, అమెరికా అంటున్నారు. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దాని కోచ్ రహీం సాబ్. 1956 ఒలింపిక్స్‌లో ఇండియాని నాలుగో స్థానానికి తీసుకెళ్లిందీ ఆయనే. ఆ కాలపు జనాన్ని చూస్తే మీకు అభిమానం అంటే తెలిసేది.

షెఫీల్డ్_శీను

సరే, సాకరే మాట్లాడుకుందాం. 2024 జూలై 14, మయామి పక్కన హార్డ్ రాక్ స్టేడియం, కోపా అమెరికా ఫైనల్. టికెట్ లేనివాళ్లు గేట్లు తోసుకుని లోపలికొచ్చారు. మ్యాచ్ 82 నిమిషాలు ఆలస్యం. టికెట్ కొన్నవాళ్లు ఎండలో ఊపిరాడక కూలబడుతుంటే కంచెల మీంచి పిల్లల్ని అందించుకున్నారు. మీ హాయి అదేనా?

డల్లాస్_దొర

అది మా వాళ్లు కాదండీ. కొలంబియా వాళ్లు, అర్జెంటీనా వాళ్లు. వాళ్ల అలవాట్లు వాళ్లతో వచ్చాయి. దానికి అమెరికాని అంటే ఎలా?

ఎడిసన్_వాణి

దొర గారూ, ఒక్క నిమిషం. ఆ వచ్చినవాళ్లలో చాలామంది ఫ్లోరిడాలో ఇల్లు కట్టుకుని, పన్నులు కట్టి, పిల్లల్ని అక్కడే బడికి పంపేవాళ్లు. మీరు ఫ్రిస్కోలో ఉన్నట్టే. మీరెప్పుడు "మా వాళ్లు" అయ్యారు, వాళ్లెప్పుడు కాకుండా పోయారు?

శీను గారూ, మీకూ ఒకటి. ఊరు మారిపోయే ఫ్రాంచైజీ అన్నారు. 2017లో కొలంబస్ జట్టుని ఆస్టిన్‌కి తరలిస్తామని యజమాని అంటే, ఆ ఊరి జనం ఏడాది పాటు పోరాడి ఆపారు. ఒహాయోలోనే, ఇంగ్లండ్‌లో కాదు. మీ దగ్గర వింబుల్డన్ క్లబ్‌ని 2003లో మిల్టన్ కీన్స్‌కి పట్టుకుపోయారుగా. దాంతో అభిమానులు కొత్త క్లబ్ పెట్టుకోవాల్సి వచ్చింది.

మా అబ్బాయి సాకర్ క్లబ్ ఫీజు, యూనిఫాం, టోర్నమెంట్లకి హోటల్ ఖర్చు కలిపితే ఏడాదికి ఎంతవుతుందో చెబితే ఇక్కడ ఇద్దరు ముగ్గురు పడిపోతారు. అంత కట్టాక కూడా కోచ్ వాడిని బెంచీ మీద కూర్చోబెట్టాడు. నా దృష్టిలో అమెరికాలో ఈ ఆటకున్న అసలు రోగం అది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

కూకట్‌పల్లి_కుర్రాడు

అక్కా, బెంచీ అభిమాని అని మూడో కేటగిరీ పెడదాం.

డల్లాస్_దొర

వాణి గారూ, మాట జారింది, ఒప్పుకుంటా. కానీ అసలు విషయం పక్కకి పోతోంది. శీను గారు గర్వంగా చెప్పుకునే ఆ హిల్స్‌బరో గ్రౌండ్‌లోనే కదా తాగిన గుంపు తోసుకొచ్చి 97 మంది పోయింది? ఆ సీట్లో కూర్చుని నాకు సంస్కృతి పాఠం చెబుతున్నారా?

షెఫీల్డ్_శీను

నువ్వు ఇప్పుడన్న మాట షెఫీల్డ్‌లో గానీ, లివర్‌పూల్‌లో గానీ గట్టిగా అనకు. నిన్ను ఎవరో కొడతారని కాదు. ఎదురుగా ఉన్నవాడి అన్నో మేనమామో ఆ 97లో ఉండొచ్చు.

1989 ఏప్రిల్ 15. ఎఫ్ఏ కప్ సెమీఫైనల్. లివర్‌పూల్ అభిమానులకి ఇచ్చిన వైపు గేట్లు చాలక బయట జనం పేరుకుపోయారు. పోలీసులే 'గేట్ సి' తెరిపించారు. ఎదురుగా ఒక సొరంగం, అది నేరుగా గోల్ వెనక మధ్య 'పెన్ను'ల్లోకి (జనం నిలబడి చూసే, కంచె కట్టిన గడుల్లోకి) పోతుంది. అవి అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి. పక్క పెన్నుల్లో జాగా ఉంది. ఆ సొరంగం మూసి జనాన్ని పక్కలకి పంపాల్సింది, ఎవరూ మూయలేదు. ముందు ఇనుప కంచె. ఎందుకు కంచె? ఫుట్‌బాల్ చూసేవాడు గూండా అని ముందే అనుకున్నారు కాబట్టి. నీలాగే. మైదానంలోకి దూకకుండా కట్టిన కంచెకే నొక్కుకుని చచ్చిపోయారు.

మర్నాటి నుంచే "తాగుబోతులు" అన్నారు. పోలీసులు అన్నారు, పత్రిక అచ్చేసింది. అది అబద్ధం, అభిమానుల తప్పేమీ లేదు, అవి చట్టవిరుద్ధమైన మరణాలు అని జ్యూరీ తేల్చింది 2016లో. 27 ఏళ్లు! కన్నతల్లులు ముసలివాళ్లయ్యారు, కొందరు వినకుండానే పోయారు. హేసెల్ వేరు, హిల్స్‌బరో వేరు. మొదటిదానికి తల దించుకుంటాం. రెండోదాన్ని కలిపి మాట్లాడితే ఊరుకోం.

2022లో పారిస్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లోనూ అంతే. గేట్ల దగ్గర లివర్‌పూల్ వాళ్ల మీద బాష్పవాయువు కొట్టి, దొంగ టికెట్లన్నారు. తర్వాత యూఎఫా (ఆ పోటీ నడిపే యూరప్ ఫుట్‌బాల్ సంస్థ) వేయించిన విచారణే, ప్రధాన బాధ్యత యూఎఫాదేనని చెప్పింది.

మోడరేటర్

ఏకవచనం దగ్గరికి వచ్చేశారు. ఇద్దరూ కాస్త మంచినీళ్లు తాగండి.

ఎడిసన్_వాణి

2025 జూన్‌లో బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది పోయినప్పుడు మన ఇళ్లలో కూడా మొదట వచ్చిన మాట "జనానికి బుద్ధి లేదు" అనే. ఏ గేటు తెరిచారు, ఏ గేటు మూశారు అని మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

డల్లాస్_దొర

హిల్స్‌బరో సంగతి తెలియక అన్నాను. తప్పే. వెనక్కి తీసుకుంటున్నా.

కానీ నాకు ఆ మాట ఎందుకు వచ్చిందో కూడా చెబుతా. ప్రాజెక్టు మీద రెండేళ్లు ఇంగ్లండ్‌లో ఉన్నాం. ఒక శనివారం సాయంత్రం రైలు. మా ఆవిడకి ఏడో నెల. మెడలో స్కార్ఫులతో ఒక గుంపు ఎక్కింది. ఏ జట్టో చెప్పను, అనవసరం. మా సీటు పక్కన నిలబడి పాట ఎత్తుకున్నారు. పాటలో మా రంగు ఉంది, మేం తినే తిండి ఉంది. నలభై నిమిషాలు. మా ఆవిడ సంచిలోంచి ఆరెంజ్ తీసి, వలవడం మొదలుపెట్టి, వలవలేక చేతిలోనే పట్టుకుని కూర్చుంది. పెట్టె నిండా జనం. ఒక్కడూ తలెత్తలేదు. ఆఖరికి టికెట్లు చూసే ఆయన వచ్చి పక్క పెట్టెలోకి మారమన్నాడు. వాళ్లని కాదు, మమ్మల్ని.

ఆర్నెల్లలో అమెరికా వచ్చేశాం.

షెఫీల్డ్_శీను

దొర గారూ, చదివి కాసేపు ఏం రాయాలో తెలియలేదు. బాధగా ఉంది. కానీ వాళ్లు అభిమానులు కారండీ. తాగుబోతులు. అలాంటివాళ్లకి కోర్టులు బ్యానింగ్ ఆర్డర్లు ఇస్తాయి, పదేళ్ల దాకా స్టేడియం గడప తొక్కనివ్వరు.

డల్లాస్_దొర

ఇదిగో, ఈ మాటే నాకు మండేది.

షాపు ముందు క్యూ కడితే అభిమానులు. వానలో పాడితే అభిమానులు. మా ఆవిడ మీద పాడితే మాత్రం అభిమానులు కారు! ఆ స్కార్ఫు అదే, ఆ గొంతు అదే, ఆ బాణీ కూడా మీ స్టాండ్‌లో పాడేదే అయ్యుంటుంది. మంచి చేస్తే మీ ఊరు, చెడు చేస్తే ఎవడో తాగుబోతా? ఇందాక నేను మయామి వాళ్లని "మా వాళ్లు కాదు" అన్నప్పుడు అందరూ పట్టుకున్నారు. ఇప్పుడు మీరు చేస్తున్నది ఏంటి?

మాకు నాచోస్ చాలు సార్. పక్కవాడు నన్ను పట్టించుకోడు, నేను వాడిని పట్టించుకోను. చల్లగా ఉంటుంది అంటారా, ఉండనీ. నాకు ఆ చల్లదనమే కావాలి. గుంపులో ఒకడు కావాలని మీకుంది. ఆ గుంపు నన్ను చూసి పాడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కూకట్‌పల్లి_కుర్రాడు

(ఈసారి జోక్ లేదు అన్నా.)

షెఫీల్డ్_శీను

దెబ్బ తగిలింది. సరే, నేనూ దాచిన సంగతి చెబుతా.

2021 జూలై 11, యూరో ఫైనల్. టికెట్ లేనివాళ్లు వెంబ్లీ గేట్లు విరగ్గొట్టిన రోజే. ఇంట్లో టీవీలో చూశాం. ఇంగ్లండ్ తరఫున పెనాల్టీలు మిస్సయిన ముగ్గురూ నల్లవాళ్లు: రాష్‌ఫోర్డ్, సాంచో, సాకా. ఆ రాత్రే ఆన్‌లైన్లో బూతులు మొదలయ్యాయి. మావాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఇంగ్లండ్ జెర్సీ వేసుకుని ఉన్నాడు. పడుకునే ముందు అడిగాడు, "రేపు స్కూల్‌కి వెళ్లాలా నాన్నా?" అని. వాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. వాడికే తెలిసింది.

ఇప్పటికీ ఇంగ్లండ్ మ్యాచ్ ఉన్న రాత్రి నేను ట్రామ్ ఎక్కను. కారు తీసుకెళ్తా. ఇది మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడాది ఆగస్టులో సీజన్ మొదలైంది. నా పక్క సీట్లో ఒక పెద్దాయన ఉంటాడు. షెఫీల్డ్‌లో పాతకాలం మగవాళ్లు మగవాళ్లని కూడా "లవ్" అని పిలుస్తారు, మనం "నాయనా" అన్నట్టు. హాఫ్‌టైమ్‌లో ఎప్పట్లాగే 'పై' (లోపల కూర పెట్టి కాల్చిన రొట్టె) విరిచి, పొగలు కక్కే సగం నా చేతిలో పెట్టాడు. వేళ్లు కాలాయి. ఫైనల్ గురించి ఆయన ఒక్క మాట అనలేదు. నేనూ ఎత్తలేదు. అది మర్యాదో, తప్పించుకోవడమో నాకు ఇప్పటికీ తేలలేదు. కానీ తర్వాతి మ్యాచ్‌కి వెళ్లాను. ఎందుకంటే నాకు ఆ సీటు తప్ప ఆ ఊళ్లో నాదని చెప్పుకోడానికి ఏముంది? ఇల్లు బ్యాంకుది.

డల్లాస్_దొర

ఆ పెద్దాయన మిమ్మల్ని ఏమని పిలుస్తాడు? లవ్ కాకుండా, పేరు పెట్టి.

షెఫీల్డ్_శీను

షాన్. రెండేళ్లు సరిచేశాను. తర్వాత వదిలేశా. మీ ఆఫీసులో మిమ్మల్ని?

డల్లాస్_దొర

శామ్.

ఎడిసన్_వాణి

నన్ను వెనెస్సా అంటారు. అడగలేదు గానీ చెబుతున్నా.

మలక్‌పేట_మామ

రహీం సాబ్ గురించి ఇందాక రాసింది ఎవరూ చదవలేదు. 1962 ఆసియా క్రీడల బంగారు పతకం సంగతి రేపు విడిగా పెడతాను.