అప్‌డేట్: బిగుసుకుపోయిన చోక్ ట్యూబ్ ఊడొచ్చింది

టెక్సాస్‌లో క్లే టార్గెట్లు (గాల్లోకి విసిరే మట్టి బిళ్లలు) కాల్చే నా 12 గేజ్ షాట్‌గన్‌లో చోక్ ట్యూబ్, అంటే గుళ్లు ఎంత చెదరాలో నిర్ణయించడానికి బ్యారెల్ కొసన బిగించే చిన్న గొట్టం, ఇరుక్కుపోయింది, ఎలా తీయాలని అడిగాను కదా. మొత్తానికి వచ్చేసింది.

గన్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని బ్యారెల్ విడదీశాను. కొస కిందికి పెట్టి, చిన్న గిన్నెలో పెనిట్రేటింగ్ ఆయిల్ (సందుల్లోకి దిగే నూనె) పోసి రాత్రంతా నిలబెట్టాను. పొద్దున రెంచ్‌తో మెల్లగా తిప్పితే కదిలింది. ప్లయర్స్ వాడమన్న సలహా వినకపోవడమే మంచిదైంది, ట్యూబ్ అంచు వంగేది.

తప్పు నాదే. ఏడాదిగా ట్యూబ్ విప్పనేలేదు. ట్యూబ్ మర చుట్ల నిండా మసి, ప్లాస్టిక్ వాడ్ (తూటాలో గుళ్లని పట్టి ఉంచే కప్పు) తాలూకు పొర! బ్రష్‌తో రుద్ది, మర చుట్లకి యాంటీ సీజ్ గ్రీజు (బిగుసుకుపోకుండా ఉంచేది) పల్చగా రాశాను. ఇప్పుడు కాల్చిన ప్రతిసారీ విప్పి తుడుస్తున్నా. మధ్యమధ్యలో గన్ ఖాళీ చేసి ట్యూబ్ బిగుతు కూడా చూస్తున్నా, వదులైతే బ్యారెల్‌కే దెబ్బ.

ఇక ఏ చోక్ అన్నది: ఇన్నాళ్లూ బాగా ఇరుకైన ఫుల్ చోక్ వాడాను, అంటే బ్యారెల్ లోపలి వ్యాసం కంటే కొస సుమారు 0.035 అంగుళాలు ఇరుకు. దగ్గరి టార్గెట్లకి అది అనవసరం. 0.010 అంగుళాలే ఇరుకుండే ఇంప్రూవ్డ్ సిలిండర్ అనే చోక్‌కి మారాక హిట్లు పెరిగాయి. స్టీల్ గుళ్లు కాల్చాలనుకున్నా ఫుల్ జోలికి వెళ్లను.