‘కాల్పుల విరమణ’ అనాలా, ‘యుద్ధ విరమణ’ అనాలా?

అచ్చుతప్పు:
అందరికీ నమస్కారం. 2025 ఏప్రిల్, మే నెలల్లో భారత్, పాకిస్తాన్‌ల మధ్య జరిగినవాటి మీద ఒక చిన్న పరిచయ వ్యాసం దిద్దుతున్నాం. అందులో మూడు వాక్యాలు ఇవి:

‘పహల్గాం దాడికి ప్రతిగా సింధు జలాల ఒప్పందాన్ని భారత్ రద్దు చేసింది. వాస్తవాధీన రేఖ వెంట పాక్ కవ్వింపు కాల్పులకు దిగింది. మే 10న ఇరు దేశాలు యుద్ధ విరమణ ఒప్పందం కుదుర్చుకున్నాయి.’

చివరి వాక్యం మీదే సందేహం. ‘యుద్ధ విరమణ’ సరైనదా, ‘కాల్పుల విరమణ’ సరైనదా? పత్రికల్లో రెండూ కనిపిస్తున్నాయి.

అరసున్న:
‘యుద్ధ విరమణ’ కాదు. యుద్ధం అని ఏ పక్షమూ ప్రకటించలేదు కాబట్టి దాన్ని విరమించడం అనే మాటా పొసగదు. ఆ రోజు ఏం జరిగిందో ముందు చూడండి. మధ్యాహ్నం 3.35కి పాక్ సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్ మన డైరెక్టర్ జనరల్‌కు ఫోన్ చేశారు. నేల మీద, గాల్లో, సముద్రంలో కాల్పులూ సైనిక చర్యలూ అన్నీ సాయంత్రం 5 గంటల నుంచి ఆపాలని ఇద్దరూ అనుకున్నారు. మన విదేశాంగ కార్యదర్శి చెప్పింది అంతే. ‘సీజ్‌ఫైర్’ అన్నది అమెరికా అధ్యక్షుడి ప్రకటనలోని మాట. మన ప్రకటనల్లో ‘కాల్పులు, సైనిక చర్యల నిలిపివేత’ అనే ఉంది.

కాబట్టి ‘కాల్పుల విరమణ’ వాడుకలో చెల్లుతుంది కానీ పూర్తి కొలత కాదు. మే 8, 9 తేదీల మధ్య రాత్రి 36 చోట్లకు సుమారు 300 నుంచి 400 డ్రోన్లు వచ్చాయని భారత సైన్యం చెప్పింది. డ్రోన్ పంపడాన్ని తెలుగులో ఎవరూ ‘కాల్పులు’ అనరు. కాల్పు అంటే కాల్చడం, నిప్పుతో పని. ఒక్క ‘కాల్పులు’ అని రాస్తే డ్రోన్లూ క్షిపణులూ ఒప్పందం బయట ఉన్నట్టు ధ్వనిస్తుంది. జాగా ఉంటే ‘కాల్పులు, సైనిక చర్యలు’ అని రెండూ రాయండి. శీర్షికలో జాగా లేకపోతే ‘కాల్పుల విరమణ’ రాసి, కింద మొదటి వాక్యంలోనే వివరించండి.

బండి ఱ:
‘విరమణ’ మీద ఒక మాట. విరమణ, విరామం ఒక్క ధాతువు నుంచి వచ్చినవే. అయినా తెలుగు వాడుకలో దారులు వేరయ్యాయి. విరామం అంటే మధ్యలో ఆగడం, తరవాత మళ్లీ మొదలవుతుందన్న ఊహ అందులోనే ఉంది. నాటకంలో విరామం ఇస్తారు. విరమణ అంటే మానుకోవడం. పదవీ విరమణ చేసినవాడు సోమవారం పొద్దున్న మళ్లీ ఆఫీసుకి రాడు!

మే 12న ప్రధాని ప్రసంగంలో, చర్యను ప్రస్తుతానికి కేవలం ‘స్థగిత్’ చేశామని హిందీలో అన్నారు. హిందీలో ఆ మాట వాయిదాకీ, తాత్కాలికంగా ఆపడానికీ వాడతారు. కాబట్టి భారత్ ఏమన్నదో చెప్పే వాక్యంలో ‘విరామం ఇచ్చాం’ దగ్గరగా ఉంటుంది, ‘విరమించుకున్నాం’ అంటే పూర్తిగా తప్పు. రెండు దేశాల మధ్య ఏం కుదిరిందో చెప్పే వాక్యంలో మాత్రం ‘కాల్పుల విరమణ’ పాతుకుపోయింది, దాన్ని పీకడం ఎవరివల్లా కాదు.

వట్రసుడి:
‘సంధి’ అంటే? పొట్టిగా, అందంగా ఉంటుంది కదండీ.

బండి ఱ:
ఉంటుంది, కానీ మరీ పెద్ద మాట. రాజనీతిలో షాడ్గుణ్యం అని ఆరు చెబుతారు: సంధి, విగ్రహం, యానం, ఆసనం, ద్వైధీభావం, సంశ్రయం. సంధి అంటే షరతులు పెట్టుకుని పొత్తు కుదుర్చుకోవడం. విగ్రహం అంటే వైరం, పోరు (ఇప్పుడు గుడిలో తప్ప ఆ మాట వినపడదు). యానం దండు కదలడం. ఆసనం అంటే ఎవరి చోట వాళ్లు ఆగి, ఎదుటివాణ్ణి కనిపెట్టుకుని కూర్చోవడం. మే 10 సాయంత్రం జరిగినదానికి పాత మాటల్లో పేరు పెట్టాలంటే అది సంధి కాదు, ఆసనం. ఇప్పుడు ఆ మాట రాస్తే యోగాసనం అనుకుంటారు కాబట్టి రాయమని చెప్పను.

అరసున్న:
ఆ వాక్యంలోనే ఇంకో చిక్కు ‘ఒప్పందం కుదుర్చుకున్నాయి’. సంతకాల కాగితం ఏదీ లేదు. మన విదేశాంగ మంత్రి వాడిన ఇంగ్లిష్ మాటకు తెలుగు ‘అవగాహన’. కానీ తెలుగులో ‘అవగాహన’ నామవాచకంగా ఒంటరిగా నిలబడితే వేరే బొమ్మ వస్తుంది. ‘ఇరు దేశాల అవగాహన’ అంటే మధుమేహంపై అవగాహన సదస్సులా ఉంటుంది. ‘అవగాహన ఒప్పందం’ అంటే కంపెనీలూ ప్రభుత్వాలూ సంతకం చేసుకునే కాగితం. క్రియతో కలిపి ‘అవగాహనకు వచ్చాయి’ అనండి, చిక్కు పోతుంది. ‘ఒక మాట అనుకున్నాయి’ ఇంకా తెలుగు, కానీ మీ వ్యాసం తీరుకు కుదరదేమో.

శకటరేఫ:
చివరి వాక్యం మీద ఇంత చర్చ పెట్టి మొదటి రెండూ వదిలేస్తున్నారేంటండీ? అసలు తప్పులు అక్కడున్నాయి.

‘రద్దు చేసింది’ తప్పు. ఏప్రిల్ 22న పహల్గాం దగ్గరి బైసరన్‌లో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. 23న కేంద్ర మంత్రివర్గ భద్రతా కమిటీ తీసుకున్న నిర్ణయం సింధు జలాల ఒప్పందాన్ని ‘అబేయన్స్’లో పెట్టడం. మన ప్రభుత్వ కార్యాలయాల్లో ఈ మాట రోజూ వింటాం: ‘ఆ జీవో అబేయన్స్‌లో ఉంది’ అంటే కొట్టేయలేదు, అమలు చేయడమూ లేదు. నిర్ణయంలో గడువు తేదీ లేదు, షరతు ఉంది: సీమాంతర ఉగ్రవాదానికి మద్దతును పాకిస్తాన్ నమ్మదగిన రీతిలో, మళ్లీ వెనక్కి పోలేని రీతిలో విడనాడేదాకా అని.

రద్దు ఎందుకు కాదంటే, 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేసిన ఆ ఒప్పందంలోని 12వ అధికరణం ప్రకారం, రెండు ప్రభుత్వాలూ ఆ పని కోసమే మరో ఒప్పందం చేసుకుని ఆమోదించుకుంటే తప్ప అది ముగియదు. ఒక పక్షం లేచి రద్దు అనడానికి అందులో దారి లేదు. ‘అబేయన్స్’ అన్న మాట కూడా ఆ ఒప్పందంలో లేదు. రెండు దేశాల వాదనా సరిగ్గా ఈ మాట మీదే నడుస్తోంది. తెలుగులో మనం ‘రద్దు’ అని తేల్చేస్తే వాదన ఏమిటో పాఠకుడికి అర్థమే కాదు. ‘అమలును నిలిపివేసింది’ అనండి. ‘తాత్కాలికంగా’ కూడా కలపకండి, ఆ మాట నిర్ణయంలో లేదు.

మర్నాడు పాకిస్తాన్ చేసిందీ ఇలాగే తారుమారవుతుంటుంది. 24న వాళ్లు గగనతలాన్ని భారత విమానసంస్థలకు మూసేశారు, వాణిజ్యం ఆపేశారు. 1971 యుద్ధం తరవాత కుదిరిన సిమ్లా ఒప్పందంతో సహా ద్వైపాక్షిక ఒప్పందాలన్నింటినీ అబేయన్స్‌లో పెట్టే హక్కు తమకుందన్నారు. హక్కుందన్నారు, పెట్టామనలేదు. ‘సిమ్లా ఒప్పందం రద్దు’ అన్న శీర్షిక అందుకే రెండు మెట్లు దాటేసింది. నీళ్లు మళ్లిస్తే యుద్ధచర్యగా పరిగణిస్తామన్నారు. అది హెచ్చరిక, యుద్ధ ప్రకటన కాదు.

వట్రసుడి:
ఒప్పందం ఒప్పందమే కదా, ఇంగ్లిష్‌లో ఒకటి ‘ట్రీటీ’, ఇంకోటి ‘అగ్రిమెంట్’. తెలుగులో తేడా చూపాలా?

శకటరేఫ:
అక్కర్లేదు. రెండూ ఆమోదం పొంది కట్టుబడాల్సినవే. పేరులో తేడా ఉన్నంతమాత్రాన బలంలో తేడా లేదు. ‘ఒడంబడిక’ కావాలనుకుంటే సింధుకు వాడుకోండి, గొడవ లేదు.

ఇక ‘వాస్తవాధీన రేఖ’. ఇది చైనాతో ఉన్నది. పాకిస్తాన్‌తో ఉన్నది నియంత్రణ రేఖ. ఈ పొరపాటు తరచూ కనిపిస్తుంది, కారణం కూడా ఊహించవచ్చు: రెండు పొడి అక్షరాల పేర్లూ ‘ఎల్’తో మొదలై ‘సీ’తో ముగుస్తాయి. కానీ పుట్టుకలు వేరు. 1949 జనవరి 1న కాల్పులు ఆగాయి, జులైలో కరాచీలో గీత గీసుకున్నారు. దాని పేరు అప్పట్లో ‘కాల్పుల విరమణ రేఖ’. 1971 డిసెంబరు 17న కాల్పులు ఆగినప్పుడు ఎవరు ఎక్కడ ఉన్నారో దాన్నిబట్టి సిమ్లా ఒప్పందంలో ‘నియంత్రణ రేఖ’ అయింది. 1972 డిసెంబరులో రెండు సైన్యాలూ పటాల మీద గుర్తించి ఒప్పుకున్నాయి. సుమారు 740 కిలోమీటర్లు, ఎన్‌జే 9842 అనే బిందువు దగ్గర ఆగుతుంది. చైనాతో ఉన్న రేఖకు అలా ఇద్దరూ ఒప్పుకున్న పటం లేదు. ఎవరి అధీనంలో వాస్తవంగా ఏముందో అదే గీత, అందుకే ‘వాస్తవాధీన’.

కాబట్టి 1965 గురించి రాస్తుంటే ‘కాల్పుల విరమణ రేఖ’ సరైనది, 2025కి ‘నియంత్రణ రేఖ’. ఇంకా దక్షిణాన జమ్మూ మైదానంలో ఉన్నది మన లెక్కలో అంతర్జాతీయ సరిహద్దు. దాన్ని కూడా నియంత్రణ రేఖలో కలిపేస్తుంటారు. పూంచ్ అయితే నియంత్రణ రేఖ, సాంబా అయితే అంతర్జాతీయ సరిహద్దు. ఊరి పేరు చూసి రాయాలి.

అచ్చుతప్పు:
‘కవ్వింపు కాల్పులు’ మాత్రం బాగానే ఉంది కదండీ?

అరసున్న:
చదవడానికి బాగుంది, అర్థం మాత్రం తిరగబడింది. సైన్యం ప్రకటనల్లో ఉండేది ‘అటువైపు నుంచి, మనవైపు ఏ కవ్వింపూ లేకుండానే కాల్పులు’ అని. తెలుగులోకి వచ్చేసరికి ఆ కవ్వింపు కాల్పులకే విశేషణమై కూర్చుంది. ‘కవ్వింపు కాల్పులు’ అంటే మనల్ని రెచ్చగొట్టడానికి కాల్చారని. అది ఉద్దేశం మీద ఆరోపణ. ‘కవ్వింపు లేకుండా కాల్పులు’ అంటే ఎవరు ముందు మొదలుపెట్టారన్న లెక్క. రెండూ వేరు.

పైగా ‘కాల్పులు’లో చిన్న తుపాకులూ ఫిరంగులూ కలిసిపోతాయి. ఏప్రిల్ 24 రాత్రి నుంచి నియంత్రణ రేఖ వెంట వినిపించినవి చిన్న ఆయుధాల కాల్పులు. మే 7న పూంచ్ మీద పడినవి ఫిరంగి గుండ్లు. ఇళ్లు కూలి సామాన్యులు చనిపోయింది వాటివల్ల. రెండిటికీ ఒకే మాట రాస్తే ఆ పది పన్నెండు రోజుల్లో తీవ్రత ఎలా పెరిగిందో కనిపించదు. మొదటిదానికి ‘తుపాకి కాల్పులు’, రెండోదానికి ‘ఫిరంగి గుండ్ల దాడి’ సరిపోతాయి. ‘శతఘ్ని’ కూడా ఉంది, వందమందిని చంపేది అని అర్థం. పిల్లలకు ఫిరంగి తెలుసు, అది చాలు.

కొమ్ముదీర్ఘం:
తీవ్రత అన్నారు కాబట్టి ఆ రోజుల్లో అందరినీ తిప్పలు పెట్టిన వాక్యం ఒకటి. మే 7 తెల్లవారుజామున 1.05 నుంచి 1.30 మధ్య తొమ్మిది చోట్ల ఉగ్రవాద స్థావరాల మీద భారత్ దాడి చేశాక మన ప్రభుత్వ ప్రకటన ఆ చర్యకు మూడు విశేషణాలు వాడింది. మొదటి రెండిటికీ ‘లక్ష్యాలకే పరిమితమైన’, ‘ఆచితూచి చేసిన’ సులువుగా కుదిరాయి. మూడోది, ఉద్రిక్తత పెంచే స్వభావం లేనిది అనేదాన్ని చాలామంది ‘రెచ్చగొట్టని’ అని రాశారు. రెచ్చగొట్టడం ఎదుటివాడి కోపానికి సంబంధించింది. ప్రకటన చెప్పింది చర్య స్థాయి గురించి: పాక్ సైనిక స్థావరాలను ముట్టుకోలేదని. తెలుగులో ‘ఎగదోయడం’ అని మంచి మాట ఉంది, పొయ్యిలో కట్టెల్ని లోపలికి నెట్టి మంట పెంచడం. కానీ మనుషుల విషయంలో అది పక్కనుంచి మూడోవాడు చేసే పని అయిపోయింది. కొట్లాడేవాళ్లలో ఒకడు తన మంటనే ఎగదోశాడు అనం. కాబట్టి ‘ఉద్రిక్తత పెంచని’ అని నీరసంగా రాయడమే మేలు.

వట్రసుడి:
ఉద్రిక్తతలో ‘రిక్త’ అంటే ఖాళీ కదా? మరి పెరగడం ఎక్కడిది?

బండి ఱ:
ముందున్న ‘ఉత్’ తిరగేసింది. ఉద్రిక్తం అంటే మితిమీరినది, అంచు దాటినది. ఉద్రేకం దీని తోబుట్టువే. మనిషికి ఉద్రేకం, దేశాలకు ఉద్రిక్తత. ‘ఉద్రిక్తతలు’ అన్న బహువచనం మాత్రం ఇంగ్లిష్ చూసి తెచ్చుకున్నది, ఏకవచనం చాలు.

కొమ్ముదీర్ఘం:
దాడి పేరు సంగతి కూడా చెప్పేస్తాను, వ్యాసంలో ఎలాగూ వస్తుంది. ‘ఆపరేషన్ సిందూర్’ అని హిందీ రూపంలోనే ఉంచండి, సంజ్ఞానామం. ‘సిందూరం’ అని తెలుగు చేస్తే మన పాఠకుడికి ముందు ఆంజనేయస్వామి ఒంటి మీది సిందూరం గుర్తొస్తుంది. ఉత్తరాదిన పెళ్లయిన ఆడవాళ్లు పాపిట్లో పెట్టుకునేది సిందూర్. మన దగ్గర ఆ చోటు కుంకుమది. పహల్గాంలో భర్తలను పోగొట్టుకున్నవాళ్లను ఉద్దేశించిన పేరని తెలియాలంటే బ్రాకెట్‌లో కాకుండా వాక్యంలోనే ‘పాపిట కుంకుమ’ అని ఒక మాట రాయాలి.

ఇంకోటి, మే 7నే దేశంలో 244 పౌర రక్షణ జిల్లాలకు మాక్ డ్రిల్ ఆదేశం ఉంది. హైదరాబాద్‌లో సాయంత్రం 4 గంటలకు ‘ఆపరేషన్ అభ్యాస్’ పేరుతో గోల్కొండ, సికింద్రాబాద్, కంచన్‌బాగ్, మౌలాలీ దగ్గర చేశారు. దీన్ని ‘సైనిక విన్యాసాలు’ అని రాయకండి. విన్యాసాలు సైన్యం చేసేవి, ఇది పౌరుల చేత చేయించిన సాధన. సైరన్ గురించి రాస్తే తేడా చెప్పండి: హెచ్చుతగ్గులతో ఊళ పెడితే ప్రమాదం, ఒకే స్థాయిలో మోగితే ప్రమాదం తప్పింది. ‘అంధకారం పాటించండి’ లాంటివి వద్దు. లైట్లు ఆర్పేయండి, అంతే.

శకటరేఫ:
వ్యాసంలో పాక్ ‘రాయబార కార్యాలయం’ అని ఎక్కడైనా ఉంటే అదీ మార్చండి. రెండూ కామన్వెల్త్ దేశాలు కాబట్టి అది హైకమిషన్. ఏప్రిల్ 23 నిర్ణయంలో సిబ్బందిని 55 నుంచి 30కి తగ్గించాలన్నది దాని గురించే. హైకమిషన్‌ను మూసేయలేదు. అక్కడి రక్షణ, సైనిక, నౌకాదళ, వైమానిక సలహాదారులను ‘అవాంఛిత వ్యక్తులు’గా ప్రకటించి వారం గడువిచ్చారు. ‘దేశ బహిష్కారం’ అనకండి, అది సొంత పౌరుడికి వేసే శిక్ష.

అచ్చుతప్పు:
ఎంత ఉపకారం చేశారో! మూడు వాక్యాలూ ఇలా మారాయి:

‘పహల్గాం దాడికి ప్రతిగా సింధు జలాల ఒప్పందం అమలును భారత్ నిలిపివేసింది. ఏప్రిల్ 24 రాత్రి నుంచి నియంత్రణ రేఖ వెంట, కవ్వింపు లేకుండానే పాక్ సైన్యం తుపాకి కాల్పులకు దిగిందని భారత సైన్యం తెలిపింది. కాల్పులు, సైనిక చర్యలు ఆపాలని మే 10 సాయంత్రం 5 గంటలకు ఇరు దేశాలు అవగాహనకు వచ్చాయి.’

అరసున్న:
‘5 గంటలకు’ కాదండీ. అనుకున్నది 3.35 ఫోన్‌లో, అమలు 5 నుంచి. ‘సాయంత్రం 5 గంటల నుంచి కాల్పులు, సైనిక చర్యలు ఆపాలని మే 10న...’ అని తిప్పండి.